పత్రము వ్రాయని పనికుర్రవాడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయముల ప్రస్తావన వచ్చిన చోటనెల్ల ఆండ్రూ కార్నెగీ పేరు వినబడుచుండును. అమెరికాలో ఉక్కు కర్మాగారములు స్థాపించి, కోట్లకొలది డాలర్లు గడించి, ఆ ధనములో అధికభాగమును లోకమునకు తిరిగి ఇచ్చివేసిన దాత యని ఆయనను గూర్చి చెప్పుట పరిపాటి. కాని దాత కాకపూర్వము ఆయన పాఠకుడు. పాఠకుడు కాకపూర్వము కూలికుర్రవాడు. ఏటికి రెండు డాలర్ల చందా కట్టినగాని పుస్తకము చేతికీయమన్నందుకు గ్రంథాలయపు గుమ్మమునుండి వెనుకకు తిరిగివచ్చినవాడు. ఈ సభకు తగిన కథ ఆ కుర్రవానిది. కోటీశ్వరుని కథను చివర కొద్ది మాటలలో చెప్పుకొనవచ్చును.

స్కాట్లాండులో డన్ఫర్మ్‌లిన్ అను పురాతన పట్టణము కలదు. అవిసెనారతో నేసిన పూలపనితనపు బల్లగుడ్డలకు ఆ ఊరు పేరుపడినది. అచ్చట 1835 నవంబరు 25వ తేదీన ఒక నేతగాని యింట ఆండ్రూ జన్మించెను. క్రిందిగదిలో తండ్రి విలియము మగ్గము. పైన అటకవంటి గదిలో కాపురము. తల్లి మార్గరెట్టు మోరిసన్ వారి ఆడపడుచు. ఆమె తండ్రి తోలుపని చేసి జీవించుచునే, సామాన్యునకు ఓటుహక్కు కావలెనని సభలలో ఉపన్యసించిన ధీరుడు. ఆ యింట భుక్తికి కరవుండెనేమో గాని వాదప్రతివాదములకు, పుస్తకములకు కరవులేదు. ఊరి నేతగాండ్రలో అయిదుగురు తమ యిండ్లలోని కొద్దిపాటి పుస్తకములను ఒకచోట చేర్చి, ఒకరి కొకరు ఇచ్చిపుచ్చుకొను పుస్తకశాల నెలకొల్పిరనియు, ఆ ఊరికి అదియే మొదటిదనియు, ఆ అయిదుగురిలో తన తండ్రి యొకడనియు కార్నెగీ వృద్ధాప్యమున గర్వముతో వ్రాసికొనెను. మన గ్రామములలో పెక్కు పుస్తకశాలలు పుట్టిన తీరును ఇంతకు భిన్నము కాదు గదా! ఒకరి అరుగు, ఒకరి బీరువా, నలుగురి యిండ్లలోని నాలుగేసి పుస్తకములు.

బడికి పొమ్మని ఆండ్రూను ఎవరును బలవంతపెట్టలేదు. తానై అడుగువరకు పంపమని తలిదండ్రులు మాట యిచ్చిరట. పిల్లవాడు ఎంతకును అడుగడయ్యెను. వారికి దిగులుపుట్టి ఉపాధ్యాయునితో రహస్యముగా మొరపెట్టుకొనిరి. ఆయన పిల్లవానిని షికారునకు తీసికొనిపోయి మంచిమాటలతో మచ్చిక చేసికొన్న పిమ్మట, ఎనిమిదవయేట అతడు బడిలో చేరెను. ఆ చదువు పదమూడవయేడు నిండకముందే ముగిసినది. తల్లి తోబుట్టువు భర్తయగు జార్జి లాడరు ఊరిలో అంగడి నడపుచుండెను. ఆయన తన కుమారునకును ఆండ్రూకును చరిత్రలు కథలుగా చెప్పి, పద్యములు కంఠస్థము చేయించెడివాడు. ముందుముందు పనికివచ్చిన ధారణాశక్తి అచ్చట సానపట్టబడినది.

విలియమునకు ఒకప్పుడు నాలుగైదు మగ్గములుండెను. ఇంతలో ఆవిరిమగ్గములు వచ్చిపడినవి. చేతిమగ్గముపై దినములకొలది నేసిన బట్ట యంత్రపుబట్ట ధరకు అమ్ముడుపోదు. ఆ ధరకు అమ్మిన, నేసినవానికి రొట్టె రాదు. మన చేనేత కుటుంబములవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. మగ్గములు ఒకటొకటిగా నిలిచిపోయెను. ఇక తనకు పని దొరకదని ఒకనాటి సాయంకాలము తండ్రి యింటికి వచ్చి చెప్పిన మాట ఆ పిల్లవాని గుండెలో నాటుకొనెను. తల్లి చిన్న అంగడి పెట్టి, రాత్రులు చెప్పులు కుట్టి సంసారమును నిలువబెట్టెను. అమెరికాకు వలసపోవ నిశ్చయించి మిగిలిన సామానును అమ్మగా, ఓడ ఖర్చునకు చాలలేదు. తల్లి స్నేహితురా లొకతె 20 పౌనులు అప్పిచ్చెను. 1848 మే నెలలో తలిదండ్రులు, ఆండ్రూ, అతని తమ్ముడు టాము గ్లాస్గో రేవున ఓడ యెక్కిరి. సముద్రముపై ఏడువారములు, న్యూయార్కునుండి కాలువలమీదను సరస్సుమీదను నదిమీదను మరి మూడువారములు. పిట్స్‌బర్గు నగరమునకు ఏటి ఆవలనున్న అల్లిఘనీ పట్టణములో, బంధువుల దొడ్డిలోని చిన్న యింట వారి క్రొత్త సంసారము ప్రారంభమయ్యెను.

తండ్రి అచ్చటను మగ్గమే నమ్ముకొనెను. తాను నేసిన బల్లగుడ్డలను తానే భుజాన వేసికొని ఇంటింటికి తిరిగి అమ్మెను. ఫలము స్వల్పము. తల్లి మరల చెప్పులు కుట్టసాగెను. పసివాడగు టాము ప్రక్కన కూర్చుండి సూదులలో దారమెక్కించి మైనము రాచి యిచ్చెడివాడు. తుదకు తండ్రి మగ్గము విడిచి ఒక నూలుమిల్లులో కూలికి చేరెను. కొడుకునకును అచ్చటనే కండెలు అందిచ్చు పని దొరికెను. చలికాలమున తెల్లవారకముందే చీకటిలో బయలుదేరుట, చీకటిపడిన పిమ్మట ఇల్లు చేరుట. వారమునకు కూలి 1 డాలరు 20 సెంట్లు. తరువాతి కాలమున కోట్లు గడించినను, మొదటి వారపు ఈ కూలి ఇచ్చిన తృప్తి మరి యే ధనమును ఈయలేదని ఆయన చెప్పుచుండెడివాడు. ధనవంతులు ఇట్లనుట సులభమే. అయినను ఆ వారము ఆ యింట ఆ సొమ్ము ఎంత పని చేసియుండునో ఊహించినచో, ఆ మాట అబద్ధమని త్రోసివేయ వీలుకాదు.

కండెలు తయారుచేయించు మరియొక స్కాట్లాండువాడు వారమునకు 2 డాలర్లిచ్చి పిల్లవానిని తన వద్దకు పిలిచికొనెను. కూలి పెరిగినది, పని భయంకరమైనది. నేలమాళిగలో ఆవిరియంత్రమును నడపవలెను, బాయిలరు క్రింద మంట వేయవలెను. ఆవిరి తగ్గినచో పైన పనివారు కేకలు వేయుదురు. ఆవిరి మించినచో బాయిలరు ప్రేలును. పదమూడేండ్ల పిల్లవాడు రాత్రి నిద్రలో లేచి కూర్చుండి, లేని ఆవిరిమీటరును తడవి చూచెడివాడు. ఈ బాధ యింట చెప్పలేదు. వారి కష్టములు వారికి చాలునని అతని తలంపు.

ఆ నేలమాళిగనుండి అతనిని పైకి తెచ్చినది చేతివ్రాత. యజమానికి వ్రాత సరిగా రాదు, గుమాస్తా లేడు. ఒకనాడు పిల్లవానిచేత బిల్లులు వ్రాయించి చూచి సంతోషించెను. అయితే బిల్లులు నిత్యము ఉండవు. మిగిలిన వేళ క్రొత్త కండెలను నూనెతొట్లలో ముంచు పని. ఆ వాసనకు అతనికి వాంతులగుచుండెను. సంధ్యాసమయమునకు కడుపులో నేమియు నిలువకున్నను పని మానలేదు. జమాఖర్చులు జంటపద్దుగా వ్రాయు పద్ధతిని పెద్ద వర్తకులు పాటింతురని ఆ దినములలోనే వినెను. ముగ్గురు నలుగురు స్నేహితులతో కలిసి, చలికాలపు రాత్రులు ఏరు దాటి పిట్స్‌బర్గునకు నడచి ఒక ఉపాధ్యాయునివద్ద ఆ విద్య నేర్చికొనెను. దీని సంగతి మరల వచ్చును.

తరువాతి మెట్టునకు కారణము ఒక ఆట. ఆండ్రూ పినతండ్రి యొకడు తంతి కచేరి అధికారితో పలకపై పావులాట ఆడుచుండెడివాడు. తంతివార్తలు పంచిపెట్టుటకు మంచి కుర్రవాడు ఎవడైన కలడా యని అధికారి అడుగగా, అతడు ఆండ్రూను గూర్చి చెప్పెను. తండ్రికి అనుమానము: వీడు చిన్నవాడు, బలహీనుడు, ఊరి దారులు తెలియవు. అయినను తోడుగా కచేరి గుమ్మమువరకు నడచివచ్చెను. కొడుకు తండ్రిని వీధిలోనే నిలిచియుండుమని వేడి, తానొక్కడే మేడపైకి పోయెను. స్కాట్లాండు యాసతో మాటలాడు తండ్రి ప్రక్కనుండక, ఒంటరిగా పోయినచో తాను అమెరికా పిల్లవానివలె మెరుగుగా కన్పింతునని అతని ఆలోచన. ఈ సంగతిని ఆయన దాచుకొనక తానే వ్రాసెను. పేదపిల్లవాడు మొదటి మెట్టెక్కునపుడు తన వారిని క్రింద నిలుపవలసివచ్చుట మనకు తెలియనిది కాదు.

జీతము వారమునకు రెండున్నర డాలర్లు. ఊరి దారులు తెలియవను భయమును అతడు తొలగించుకొన్న విధము చెప్పదగినది. ఒక్కొక్క వీధిలోని అంగళ్ల పేర్లను ఈ కొసనుండి ఆ కొసవరకు వరుసగా వల్లెవేసి, రాత్రి కన్నులు మూసికొని తిరుగ చదువుచుండెను. తరువాత వర్తకుల ముఖములు గుర్తుపట్టుట నేర్చెను. తంతిని చేరవలసినవాడు వీధిలోనే ఎదురుపడినచో అచ్చటనే చేతికిచ్చి, నడక కలిసివచ్చెనని సంతోషించువాడు. దూరపు వార్తలకు కుర్రవాండ్రకు అదనముగా పది సెంట్లు ముట్టుచుండెను. అందుకై వారిలో తగవులు రేగగా, ఆ సొమ్మునంతయు ఒకచోట చేర్చి వారాంతమున సమముగా పంచుకొందమని ఆండ్రూ ప్రతిపాదించి, తానే కోశాధికారి యయ్యెను. ఇది ఆయన మొదటి ఆర్థిక నిర్వహణము.

ఉదయమున కచేరి ఊడ్చుట కుర్రవాండ్ర విధి. తంతి ఉద్యోగులు రాకపూర్వము ఆ యంత్రములు ఖాళీగా నుండును. ఊడ్చిన పిమ్మట మిగిలిన కొద్ది నిమిషములలో ఆండ్రూ మీటపై చేయి వేసి, ఇతర స్థానములలోని తనవంటి కుర్రవాండ్రతో మాటలాడ నేర్చెను. ఒకనాటి ఉదయము ఫిలడెల్ఫియానుండి మరణవార్త యొకటి తీసికొందురా యని గట్టిగా పిలుపు వచ్చెను. ఉద్యోగులెవ్వరును లేరు. ఆండ్రూ ఆ వార్తను గైకొని, వ్రాసి, చేర్చవలసినవారికి చేర్చివచ్చి, అధికారికి భయపడుచు చెప్పెను. అధికారి కోపింపలేదు, మెచ్చుకొనెను. నాటి ఉద్యోగులు కాగితపు పట్టెడపై పడిన చుక్కలు గీతలు చూచి చదువుచుండగా, ఈ కుర్రవాడు శబ్దమును వినియే వార్త పలుకుట అభ్యసించెను. అట్లు చేయగలవారు దేశమంతటను అరుదుగానుండిన కాలమది. అనతికాలములో నెలకు 25 డాలర్ల జీతముపై తంతి ఉద్యోగి యయ్యెను.

అంతకుముందు ఒకనెల జీతమిచ్చు దినమున అధికారి అతనిని ప్రక్కకు పిలిచి, రావలసిన 11 డాలర్ల 25 సెంట్లకు బదులు పదమూడున్నర డాలర్లు చేతిలో పెట్టెను. అతడు దారి పొడవున పరుగెత్తి యింటికి వచ్చి, మామూలు మొత్తమునే తల్లి కిచ్చి, మిగిలిన రెండుంబావు డాలర్లు దాచెను. రాత్రి ప్రక్కలో తమ్మునకు మాత్రము చెప్పెను. ఆదివారము ఉదయము అందరును ఫలాహారమునకు కూర్చున్నపుడు ఆ నాణెములు బల్లపై పెట్టగా తల్లి కన్నుల నీరు తిరిగెను.

ఇక అసలు సంగతి. అతడు వార్తలు మోసిన దినములలో పగలు తీరిక లేదు. పుస్తకము కొన సొమ్ము లేదు. అల్లిఘనీలో కర్నల్ జేమ్సు ఆండర్సను అను పెద్దమనిషి తన సొంత పుస్తకములు నాలుగు వందలను పనికుర్రవాండ్రకై తెరచి, ప్రతి శనివారము మధ్యాహ్నము ఒక్కొక్కరికి ఒక్కొక్క పుస్తకము ఇచ్చుచుండెను. వారము తిరిగి దానిని తెచ్చినవానికి మరియొకటి. ఆయనయే స్వయముగా కూర్చుండి ఇచ్చువాడు. ఈ వార్త ఆండ్రూకు చెలికాని వలన తెలిసినది. మెకాలే వ్యాసములు, లాంబు వ్యాసములు, బాంక్రాఫ్టు రచించిన అమెరికా చరిత్ర అతడు ఇట్లే చదివెను. వార్తకు వార్తకు నడుమ దొరకిన క్షణములలో చదువుటకై పుస్తకమును వెంట నుంచుకొనెడివాడు. చెరసాల గోడలో కిటికీ తెరచినట్లు వెలుగు వచ్చెనని తరువాత ఆయన భావము.

కొంతకాలమునకు ఆ పుస్తకశాల పెరిగి పట్టణమునకు చెందిన సంస్థయైనది. వృత్తిపనివారికిని అప్రెంటిసులకును ఉద్దేశింపబడినదని దానికి పేరు. నియమములు వచ్చినవి, నియమములతో చిక్కులును వచ్చినవి. ఆ దేశమున ఆ కాలమున యజమానికి పత్రము వ్రాసియిచ్చి, ఇన్ని యేండ్లు కట్టుబడి పని నేర్చికొనువానిని అప్రెంటిసు అనిరి. అట్టివారికి మాత్రమే పుస్తకము ఉచితము. తక్కినవారు ఏటికి 2 డాలర్లు చెల్లింపవలెనని గ్రంథాలయాధికారి నిలువరించెను. ఆండ్రూ ఎవనికిని పత్రము వ్రాసి కట్టుబడలేదు. కండెలు మోసెను, బాయిలరు మండించెను, నూనెతొట్టిలో చేతులు ముంచెను. ఏ పనికిని అతనిని అప్రెంటిసుగా నెవ్వరును చేర్చుకొనలేదు. అతడు నేర్చిన ప్రతి విద్యయు కూలికి వచ్చిన చోట ఓరగా చూచి పట్టుకొన్నదే. ఇప్పుడు ఆ కారణముననే పుస్తకము లేదనిరి.

1853లో అతడు పిట్స్‌బర్గు వార్తాపత్రిక యొకదానికి లేఖ వ్రాసెను. దాత పుస్తకము లిచ్చినది పనిచేయు బాలురందరికిని గాని, పత్రము వ్రాసినవారికి మాత్రమే కాదని వాదించి, పేరునకు బదులు పనికుర్రవాడనని సంతకము చేసెను. గ్రంథాలయాధికారి పత్రికలోనే బదులు చెప్పెను. కుర్రవాడు మరల వ్రాసెను. ఈసారి సంతకమున, కట్టుబడకపోయినను పనికుర్రవాడనేయని చేర్చెను. వాదము అంతటితో తేలినది. నియమము సడలినది, అతనివంటి వారందరకును పుస్తకములు దొరకినవి. ఆయన జీవితములో పత్రికకు వ్రాసిన మొదటి అక్షరములు అవియే. ఆ రెండు డాలర్లు తానొక్కడు చెల్లించి ఊరకుండిన జరిగిపోవునే. చెల్లింపక వ్రాయుటలోనే విశేషమున్నది.

అదే సంవత్సరము పెన్సిల్వేనియా రైల్వే అధికారి తామస్ స్కాటు అతనిని నెలకు 35 డాలర్లపై తన సొంత తంతి గుమాస్తాగా గైకొనెను. రైల్వేపనియే అతనికి పెద్దబడి. ఒకనాటి ఉదయము ప్రమాదము వలన బండ్లన్నియు ఎక్కడివక్కడ నిలిచిపోయెను. స్కాటు ఇంకను రాలేదు. ఆయన అనుమతి లేనిదే బండిని కదలింపరాదు. ఆండ్రూ యంత్రము ముందు కూర్చుండి, స్కాటు పేరిటి పొడియక్షరములతో ఆజ్ఞలు పంపి, ఒక్కొక్క స్థానమునే కనిపెట్టుచు బండ్లు నడిపించెను. పొరపడినచో ఉద్యోగము పోవుటయే కాక, ప్రాణములును పోవును. స్కాటు వచ్చి కాగితములన్నియు చూచి, మంచియని గాని చెడ్డయని గాని అనలేదు. కాని ఆనాటినుండి ఆ పనిని క్రమముగా కుర్రవానికి వదలిపెట్టెను.

సాహసము ఫలించిన కథలు చెప్పుకొనుట సుఖము. ప్రమాదము తృటిలో తప్పిన కథయు నొకటి కలదు. జీతముల పట్టీలు, చెక్కులు ఉన్న మూటను చంకలో పెట్టుకొని ఆండ్రూ రైలు ఇంజను మీద కూర్చుండి వచ్చుచుండగా, కుదుపులకు అది జారిపోయెను. కొంతదూరము పోయినగాని తెలియలేదు. ఇంజను నడపువానిని బ్రతిమాలగా అతడు బండిని వెనుకకు నడపెను. పెద్ద వాగు ఒడ్డున, నీటికి కొద్ది అడుగుల ఎడముగా మూట పడియుండెను. ఆ కొద్ది అడుగులలో తన బ్రతుకు నిలిచినదని ఆయన మరువలేదు. పిన్నవారు ఒక తప్పు చేసినంతమాత్రమున కఠినముగా శిక్షింపరాదని అప్పటినుండి నియమము పెట్టుకొంటినని వ్రాసెను.

తండ్రి ఈ వృద్ధిని చాలకాలము చూడలేదు. మిల్లు విడిచి మరల తన మగ్గము చేరిన ఆ నేతగాడు, గుడ్డలమ్ముటకై ఒహాయో నదిపై పడవలో పోవుచు, గదికి సొమ్ము పెట్టలేక పైతట్టుపై ప్రయాణము చేయుచుండెను. కొడుకు రేవునకు పోయి అతనిని ఆ స్థితిలో చూచి, ఇంక కొద్దికాలములో అమ్మయు మీరును బండిలో తిరుగుదురని ఓదార్చెను. మితభాషియగు ఆ తండ్రి కొడుకు చేయి పట్టుకొని, నిన్ను చూచి గర్వించుచున్నానని మెల్లగా నుడివెను. 1855లో ఆయన కన్నుమూసెను. 1859లో కొడుకు, స్కాటు కూర్చున్న స్థానమునకే వచ్చి, రైల్వే పిట్స్‌బర్గు విభాగమునకు అధికారి యయ్యెను. వయస్సు ఇరువదినాలుగు.

మిగిలినది లోకమెరిగినది. 1865లో ఇనుపవంతెనల సంస్థ, 1875లో ఉక్కు కర్మాగారము, 1901లో సర్వమును సుమారు 48 కోట్ల డాలర్లకు విక్రయించుట. ఉక్కు కరగించు విద్య ఆయనకు తెలియదు. తెలిసినది లెక్క. ప్రతి కొలిమిలో ప్రతి టన్నునకు ఏమి ఖర్చయినదో, ఎవరి చేతిలో ఎంత నష్టమయినదో తెలియక నిద్రపోడు. చలిలో ఏరు దాటి నేర్చిన జమాఖర్చులు ఇచ్చట పండినవి.

లెక్క మరియొక వైపునకును పోయినది. దానిని దాచుట న్యాయము కాదు. ఆయన కర్మాగారములలో కూలివాడు దినమునకు 12 గంటలు పనిచేసెను. పగటి వరుస రాత్రికి మారునపుడు పక్షమున కొకసారి ఏకబిగిని 24 గంటలు. 1892లో హోమ్‌స్టెడ్ కర్మాగారమున కూలి తగవు పెరిగి, జూలై 6వ తేదీన కూలివారికిని, యాజమాన్యము పిలిపించిన సాయుధ కావలివాండ్రకును పోరాటము జరిగి ఇరుపక్షములవారును ప్రాణములు కోల్పోయిరి. కార్నెగీ అప్పుడు స్కాట్లాండులో నుండెను; భారము తన భాగస్వామికి వదలియుండెను. దూరమున నుండుట నిర్దోషిత్వము కాదు. 1898లో ఆ ఊరనే ఆయన చక్కని గ్రంథాలయము కట్టించెను. పండ్రెండు గంటలు కొలిమివద్ద నిలిచినవాడు ఆ సాయంకాలము ఏ పుస్తకము తెరువగలడని కూలివారు అడిగిరి. బాయిలరు కలలోనికి వచ్చి లేచి కూర్చున్న కుర్రవానికి ఆ ప్రశ్న అర్థము కాకుండునా? అర్థమైనను వినుటకు ఇష్టపడలేదేమో.

ఆయన తొలి గ్రంథాలయదానము పుట్టిన ఊరికే. 1881లో దానికి శంకుస్థాపన చేసినది తల్లి. చెప్పులు కుట్టిన ఆ చేతులే ఆ రాతిని నిలిపినవి. ఆ వెనుక లోకమంతట రెండువేల అయిదువందలకు మించిన గ్రంథాలయ భవనములకు ఆయన ధనమిచ్చెను. పుస్తకము లీయలేదు, నిర్వహణకు సొమ్మీయలేదు. స్థలము ఊరివారు చూపవలెను. భవనపు వెలలో పదవవంతు ఏటేట పన్నుగా వారే చెల్లింతుమని ముందు మాట యీయవలెను. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ శాసనమున ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సుంకము విధింపబడుటలో ఈ తలంపే మన యెరుకలోనిది.

1890లో అల్లిఘనీలో ఆయన గ్రంథాలయము తెరువబడినది. 1904లో దాని యెదుట కర్నల్ ఆండర్సనునకు స్మారకము నిలుపబడెను. పైన ఆండర్సను శిరోవిగ్రహము. క్రింద కంచులో పోసిన పనివాడు, ఒంటిపై చొక్కాలేనివాడు. సుత్తి ప్రక్కన పెట్టి, దాగలిపైననే కూర్చుండి, ఒడిలోని పుస్తకము చదువుకొనుచున్నాడు.